కొత్త కోచ్‌ను తొలి ఏడాదే కప్పు అడగవద్దు

భట్టిప్రోలు: కళాశాలకు కొత్త వ్యాయామ అధ్యాపకుడు వస్తే పాలకవర్గం వారు, గ్రామ పెద్దలు, పూర్వ విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఈ ఏడాది కప్పు వస్తుందా మాస్టారూ?" ఆడడానికి మైదానం ఉందా, బంతులు ఎన్ని ఉన్నాయి, సాయంత్రం పిల్లలు ఉండగలరా అని అడిగేవారు అరుదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటి చోటే పుట్టి ఉంటుంది.

వాలీబాల్, కబడ్డీలకైతే ఈ ప్రశ్న కొంతవరకు చెల్లుతుంది. ఆ ఆటలు తెనాలి, రేపల్లె, బాపట్ల పరిసరాల్లో ఊరూరా ఉన్నవే. పండుగకు పందేలు పెట్టుకుని ఆడే కుర్రవాళ్లను తెచ్చి చొక్కాలు తొడిగితే జట్టు తయారవుతుంది. కాని ఫుట్‌బాల్ అలా కాదు. ఆ ఆట ఇటు పల్లెల్లో వేళ్లూనలేదు. కనుక ఏ కళాశాల అయినా ఫుట్‌బాల్ జట్టును కొత్తగా నిలబెట్టాలనుకుంటే, వచ్చిన కోచ్ నారుమడి నుంచి మొదలుపెట్టాలి. నారు పోసిన నెలలోనే కుప్ప నూర్చమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? కోచ్ మటుకు ఎందుకు ఒప్పుకోవాలి?

ఈ ఆట మన డెల్టాలో ఎందుకు పెరగలేదో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. సెంట్ల లెక్క చాలు. కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అంటే మూడు సెంట్ల చిల్లర. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. సరిగ్గా నాలుగు సెంట్లు. ఇల్లు కట్టుకోవడానికి విడిచిన స్థలంలో కూడా వల కట్టుకోవచ్చు. ఫుట్‌బాల్‌కు నియమాల ప్రకారం అతి చిన్న మైదానమే 90 మీటర్లు, 45 మీటర్లు ఉండాలి. అది నిండు ఎకరం. పెద్ద పోటీలు ఆడే 105, 68 మీటర్ల మైదానమైతే ఎకరం డెబ్భై ఆరు సెంట్లు. రెండు పంటలు పండే కాలువ కింద ఎకరం ముప్పావు భూమిని బంతి తన్నుకోవడానికి వదిలే రైతు ఎక్కడుంటాడు? వరి కోయకముందే చేలో మినుములు చల్లే ప్రాంతమిది. కోత అయిపోయినా చేను ఖాళీగా కనిపించదు. కనిపించేది ఎండలు ముదిరిన తరువాతే. అప్పటికి కళాశాలకు సెలవులు.

ఇక నేల సంగతి. నల్లమట్టి నేల తడిస్తే కాలికి పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలో కాలు పడితే మడమ బెణకడం ఖాయం. వానాకాలం హైస్కూలు మైదానాల్లో నీళ్లు నిలిచి కప్పలు అరవడం ఎవరికీ కొత్త కాదు. కాబట్టి కొత్త కోచ్ తన మొదటి నెల జీతం అందుకునేలోగా చేయవలసిన పని జట్టును ఎంపిక చేయడం కాదు. పలుగు పారలతో నేల చూసుకోవడం.

హైదరాబాదులో ఒక బడిపంతులు

అసలు జట్టును ఎలా కట్టాలో చూపిన మనిషి కోసం సముద్రాలు దాటి వెతకనక్కరలేదు. హైదరాబాదులోనే ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి 1963లో కన్నుమూశారు. వృత్తి రీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ఆ తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని ఆటల బాధ్యత తీసుకున్నారు. అందుకే ఆయనను అందరూ రహీం సాబ్ అని పిలిచినా, పని తీరు మటుకు మాస్టారిదే. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా ఉండి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ కుర్రాళ్లు ఉన్నారు.

2024లో ఆయన కథ మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసినవారికి జకార్తా ఫైనల్ గుర్తుంటుంది. కాని మన కళాశాలల వారు గుర్తుపెట్టుకోవలసింది ఫైనల్‌ను కాదు, అంతకు పదేళ్ల ముందు జరిగిన ఓటమిని.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో ఓడింది. ఓటమి అంటే అలాంటిలాంటిది కాదు, 10-1. చలి దేశంలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అంత ఘోరంగా ఓడిన కోచ్‌ను మన దగ్గరైతే ఏం చేస్తారో చెప్పనక్కరలేదు. తెల్లవారేసరికి టీ బంకు దగ్గర తీర్పు వెలువడుతుంది. కాని 1956లో మెల్‌బోర్న్ వెళ్లే జట్టును మళ్లీ ఆయన చేతికే అప్పగించారు. పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్లలో ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడింది. ఆ నాలుగేళ్ల ఓపిక లేకపోతే మెల్‌బోర్న్ లేదు.

అయితే ఓపిక పట్టడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. రహీం పెట్టిన పోటీలు చూడండి. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే పరుగు తీయకూడదు, అందిన వెంటనే తోటివాడికి అందించాలి అనే నియమంతో ఒక టోర్నమెంటు నడిపారు. వాటం లేని కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి అనే నియమంతో మరో టోర్నమెంటు. చూసేవారికి తమాషాగా అనిపించి ఉండవచ్చు. కాని ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. విదేశీ పరికరాలు లేవు. నియమం ఒకటి మార్చితే చాలు, మొండి కాలు పని నేర్చుకుంటుంది, గొప్పలకు పోయే కుర్రవాడు పక్కవాడిని చూడడం నేర్చుకుంటాడు. ఇటువంటిది భట్టిప్రోలులో పెట్టడానికి అడ్డం ఏముంది? ఏమీ లేదు.

పాతిక సెంట్లలో ఆట

మైదానం కుదిరేదాకా ఆట ఆగనక్కరలేదు. పొడవు 40 మీటర్లు, వెడల్పు 25 మీటర్లు గీసుకుంటే అయిదుగురు అయిదుగురు చొప్పున ఆడవచ్చు. అది పాతిక సెంట్లే. ఏ హైస్కూలు ఆవరణలోనైనా ఆ మాత్రం మెరక చోటు దొరుకుతుంది. పైగా చిన్న స్థలంలో ఆడితే ప్రతి పిల్లవాడి కాలికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది. పెద్ద మైదానంలో ఇరవై ఇద్దరు పరుగెడితే కొత్తవాడి కాలికి బంతి ఎప్పుడు తగులుతుందో చెప్పలేం. మొదటి రెండేళ్లు చిన్న మైదానమే పిల్లలకు మేలు. ఈ మాట పాలకవర్గానికి చెప్పడానికి కోచ్ సిగ్గుపడకూడదు.

పిల్లలను ఎక్కడ వెతకాలన్నది మరో సంగతి. ఇంటర్‌లో చేరిన పదహారేళ్ల కుర్రవాడికి మొదటిసారి బంతి చూపించడం అంటే ఆలస్యమైనట్టే. ఆరు, ఏడు తరగతుల పిల్లల దగ్గరకు కోచ్ స్వయంగా వెళ్లాలి. వారానికి రెండు సాయంత్రాలు చుట్టుపక్కల హైస్కూళ్లలో గడిపితే, నాలుగేళ్లకు ఆ పిల్లలే కళాశాలకు వస్తారు. అప్పటికి వాళ్లకు ఆట తెలిసి ఉంటుంది, కోచ్ తెలిసి ఉంటాడు. కళాశాల ఖర్చుతో బడిపిల్లలకు నేర్పడమేమిటని లెక్కలు చూసేవారు అడుగుతారు. నారుమడికి నీరు పెట్టడం దండగ అన్నట్టుంటుంది ఆ ప్రశ్న.

కళాశాలలో ఇప్పటికే ఉన్న కుర్రాళ్లను కూడా వదులుకోనక్కరలేదు. కబడ్డీ కూత పెట్టి వెళ్లేవాడి కాళ్లలో చురుకుంటుంది, ఎదుటివాడి నడుము ఎటు తిరుగుతుందో పసిగట్టే చూపుంటుంది. అటువంటివాడు ఫుట్‌బాల్‌లో మంచి బ్యాక్ కాగలడు. వాలీబాల్ ఆడే పొడగరికి బంతి పట్టుకోవడం నేర్పితే గోల్‌కీపర్. నిజాంపట్నం, సూర్యలంక వైపు ఇసుకలో ఆడి పెరిగిన పిల్లల పిక్కల బలం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎవరు ఎక్కడ పనికివస్తారో కనిపెట్టడమే కోచ్ పని. 1962లో జకార్తాలో జర్నైల్ సింగ్ అనే వెనుక వరుస ఆటగాడికి తలకు గాయమైంది. రహీం అతనిని ఇంటికి పంపలేదు, ముందు వరుసకు మార్చారు. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే సెప్టెంబరు 4న ఫైనల్లో మనవాళ్లు 2-1తో ఓడించారు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండవది ఈ జర్నైల్ సింగ్‌ది. కోచ్ అప్పటికే క్యాన్సర్‌తో తీసుకుంటున్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో చనిపోయారు.

ఆఖరి బస్సు, అద్దె సైకిలు

మైదానం తరువాత అసలు అడ్డంకి బస్సు. ఇటు కళాశాలల్లో చదివే పిల్లల్లో చాలామంది పాసు మీద వచ్చిపోయేవాళ్లు. కొందరు తెనాలి - రేపల్లె రైలు మీద, కొందరు ఆర్టీసీ బస్సు మీద, కొందరు సైకిళ్ల మీద. నాలుగింటికి గంట కొట్టగానే సంచి భుజాన వేసుకుని పరుగెత్తకపోతే ఊరు చేరేసరికి చీకటి పడుతుంది. ఇంటి దగ్గర గేదెలకు మేత వేయాలి. ఇలాంటి పిల్లవాడిని సాయంత్రం ఆరున్నర దాకా ప్రాక్టీసుకు ఉండమనడం సులువే, వాడిని ఇంటికి చేర్చేది ఎవరు?

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంకూ ఇదే చిక్కు వచ్చింది. కుర్రవాడి ఆట చూసి రహీం హైదరాబాద్ రమ్మన్నారట. రోజూ అంత దూరం రావడానికి డబ్బు లేదన్నాడట కుర్రవాడు. అద్దె సైకిలు కోసం రోజుకు ఒక రూపాయి రహీం ఇచ్చేవారని చెబుతారు. ఆ కుర్రవాడే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 1962లో జకార్తా స్వర్ణ పతకం మెడలో వేసుకున్నాడు. 2023లో బలరాం చనిపోయినప్పుడు పత్రికలు ఆయన గోల్స్ గురించి రాశాయి. ఆ రూపాయి గురించి కూడా రాయవలసింది.

కనుక కళాశాల వారు కొత్త కోచ్‌కు కొత్త జెర్సీల డబ్బు ఇచ్చేముందు దారి ఖర్చు డబ్బు ఇవ్వాలి. అదీ కుదరదంటే ప్రాక్టీసు పొద్దున్నే పెట్టాలి. పొద్దున్నే అంటే పిల్లలు పరగడుపున వస్తారు. నానబెట్టిన శనగలో, రెండు అరటిపళ్లో, ఉడికిన గుడ్డో లేకుండా గంటసేపు పరుగెత్తిస్తే తొమ్మిదింటి పాఠంలో వాడు నిద్రపోతాడు. అప్పుడు పాఠం చెప్పే మాస్టార్లు ఆటను తిడతారు, తల్లిదండ్రులు మాన్పిస్తారు. జట్టు చెదిరేది ఓడిపోయినందుకు కాదు, ఇలాంటి వాటివల్లనే.

మరొక విషయం పాలకవర్గాల వారికి నచ్చకపోవచ్చు. చాలా కళాశాలల్లో వ్యాయామ అధ్యాపకుడు పేరుకు పి.డి., పనికి గుమాస్తా. ఫీజుల వసూలు దగ్గర ఆయనే, పరీక్షల కాపలా ఆయనే, వేసవిలో ఊరూరా తిరిగి విద్యార్థులను చేర్పించేదీ ఆయనే, జెండా పండుగనాడు పందిరి గుంజలు పాతించేదీ ఆయనే. క్రమశిక్షణ పేరుతో గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడేదీ ఆయనే. ఇంత పని చేసిన మనిషి సాయంత్రం మైదానంలో ఈల వేసే ఓపికతో మిగలడు. ఫుట్‌బాల్ కావాలంటే ఈ పనుల్లో సగమైనా వేరొకరికి అప్పగించాలి. ఆ మాట నియామక పత్రంలోనే రాసి ఇస్తే ఇంకా మంచిది.

ఎన్నేళ్లు ఆగాలని అడిగేవారికి మన జిల్లాలోనే జవాబుంది. పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల, ఇంకొల్లు మండలంలో ఉంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అంత పేరున్న మనిషే అయినా అకాడమీ తెరవడానికి 2008 దాకా పట్టింది. దానికోసం ఇల్లు తాకట్టు పెట్టారు. ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్‌కు ఒలింపిక్ కాంస్యం వచ్చింది 2012లో, సింధుకు రజతం వచ్చింది 2016లో. బ్యాడ్మింటన్ ఇద్దరు ఆడే ఆట. పదకొండు మందిని కుదర్చవలసిన ఆటకు మూడేళ్లు అడిగితే కోచ్ అత్యాశపరుడు కాడు.

ఆడపిల్లల సంగతి మరిచిపోరాదు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ పల్లెల ఆడపిల్లలకు కూడా బంతి ఇచ్చి నేర్పుతూ వచ్చింది. రాయలసీమ ఎండలో ఆడగలిగిన ఆట మన కాలువ గట్ల మీద ఆడలేమా? తల్లిదండ్రులు వెనకాడేది ఆటకు కాదు, చీకటికి. అయిదున్నరకల్లా ముగించి పిల్లలను ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తే వెనకాడేవారు తగ్గుతారు.

ఒక్క మనిషి మీద నిలిస్తే

రహీం కథలో చేదు భాగం కూడా ఉంది. ఆయన పోయిన తరువాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్ పేరుతో రెండుసార్లు గెలిచింది. 1965-66 తరువాత ఆంధ్రప్రదేశ్ మళ్లీ ఆ ట్రోఫీ ఎత్తలేదు. హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ వంటి హైదరాబాదీలు పేరు తెచ్చుకున్నది ఎక్కువగా కలకత్తా క్లబ్బుల్లోనే. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. బెంగాల్ గెలిచింది. మనవాళ్లు చూడడానికి వెళ్లారు.

ఇందులో రహీం తప్పేమీ లేదు. ఆయన ఉన్నంతకాలం పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చి కూడు పెట్టింది, సంఘం మాట విన్నది. ఆయన తరువాత ఆ చిన్న చిన్న టోర్నమెంట్లను, బడుల్లో వెతుకులాటను అదే పట్టుదలతో నడిపే చేతులు కరువయ్యాయి. కనుక కొత్త కోచ్ మొదటి ఏడాదిలోనే తనతో పాటు మరో ఇద్దరిని తయారుచేసుకోవాలి. ఆటలో పెద్దగా రాణించకపోయినా ఓపిక ఉన్న సీనియర్ విద్యార్థులు, ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు, ఎవరైనా సరే. ఏ పిల్లవాడు ఏ రోజు వచ్చాడు, ఏ కాలు బలహీనం, ఎవరికి ఏ దెబ్బ తగిలింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాలి. కోచ్ బదిలీ అయినా, మెరుగైన ఉద్యోగం దొరికి వెళ్లినా, పుస్తకం కళాశాలలో ఉండాలి. తరువాత వచ్చినవాడు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టే దుస్థితి ఉండకూడదు.

ఆటతో అందరికీ ఉద్యోగాలు వస్తాయని పిల్లలకు చెప్పడం మోసం. క్రీడా కోటా ఉంది, రైల్వేలు, పోలీసు శాఖ ఉన్నాయి. కాని ఆ వాకిలి ఇరుకు. ఇరవై మందిలో ఒకరికి దొరికితే గొప్ప. మిగిలినవారికి చదువు పోకుండా చూడవలసిన బాధ్యత కూడా కోచ్‌దే. హాజరు తగ్గినవాడిని, పరీక్ష తప్పినవాడిని రెండు వారాలు పక్కన కూర్చోబెట్టే ధైర్యం ఆయనకు ఉండాలి. ఆ కుర్రవాడు జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడైనా సరే. అప్పుడు ఓడిపోతే, ఆ ఓటమికి పాలకవర్గం కోచ్ వెనుక నిలబడాలి.

ఇక ఊరు చేయగలిగిన పని ఒకటుంది. హైస్కూలు మైదానమైనా, పంచాయతీ పోరంబోకైనా ఒక ఎకరం చోటును అడుగు ఎత్తున మెరక చేసి, పైన ఇసుక కలిపిన మట్టి పరిచి, నాలుగు పక్కలా నీరు పోయే బోదె తీస్తే వానాకాలంలోనూ ఆడవచ్చు. దానికి చందా డబ్బు కన్నా ట్రాక్టర్లు ముఖ్యం. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో ట్రాక్టర్లు చెట్ల కింద ఖాళీగా ఉంటాయి. ఊరికి పది ట్రాక్టర్లు, ఒక్కొక్కటి రెండు రోజులు తోలితే పని అయిపోతుంది. కాలువలకు నీళ్లు వదిలి దమ్ము మొదలైందా, ఆ తరువాత కలెక్టరు గారు అడిగినా ట్రాక్టరు దొరకదు.